ఎండ చూడని లెన్సు

కళింగపట్నం
11 నవంబరు 2024

అత్తకి,

ఫోన్లో అడగబోతే, "ముఖ్యమైన సంగతైతే కాయితం మీద పెట్టు. ఫోన్లో మాట తాళింపు చప్పుడులో పోతాది" అన్నావు. కాబట్టి కాయితం మీద పెడుతున్నాను. పదో తరగతి పరీక్షలో రాసిన ఉత్తరం తర్వాత ఇదే. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్దకు.

నేనిక్కడ లైట్‌హౌస్ దారిలో పార్వతమ్మగారి ముందుగది అద్దెకు తీసుకున్నాను. వచ్చే వేసవిలో విశాఖపట్నంలో ఒక ప్రదర్శన పెడుతున్నారు. సముద్రం ఒడ్డున పనిచేసేవాళ్ళ నిలువెత్తు ఫోటోలు. చూసే మనిషి, ఫోటోలో మనిషి ఒకే ఎత్తున ఎదురెదురుగా నిలబడాలి. ముందు ఐదు ఫోటోలు తీసి జనవరి 31 లోపల పంపమన్నారు. నచ్చితే మొత్తం పని నాదే. నచ్చకపోతే విజయనగరం వచ్చి నాన్న హార్డ్‌వేర్ కొట్లో కూర్చోవాలి. ఆయనకి ఆ మాట ఇచ్చేశాను. ఇంకోసారి అడగనివ్వడు, నీకు మీ అన్నయ్య సంగతి తెలుసు కదా.

మామూలు కెమెరాతో తీసి అంత పెద్దది చేస్తే, దగ్గరికెళ్ళేసరికి మొహం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. అందుకే నా స్కూటీ ఇచ్చేసి, ఎవరో వాడిన మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా తెచ్చుకున్నాను. తాతయ్య స్టూడియోలో వెడల్పు రీలు వేసే పెద్ద కెమెరా ఉండేదే, దానికి మనవరాలు అనుకో. కెమెరా అయితే వచ్చింది. దాని లెన్సు కొనడం మాత్రం నా వల్ల కాలేదు. ఇప్పుడా కెమెరా మూతి మూసుకుని బల్ల మీద కూర్చుంది.

నాకు కావలసింది ఒక్కటే లెన్సు. దూరాన్ని దగ్గరికి లాగేది వద్దు, ఇరుకు గదిని వెడల్పు చేసి చూపేది వద్దు. ఎదురుగా ఉన్న మనిషిని మనం మామూలుగా ఎలా చూస్తామో అలా చూసేది చాలు. తాతయ్య "ఎనభై" అని పిలిచే ఎనభై మిల్లీమీటర్ల లెన్సు అలాంటిదే కదా? కెమెరా పాడైపోయినా లెన్సు నీ దగ్గర ఉందని అమ్మ చెప్పింది. మధ్యలో ఒక రింగు వేస్తే నా కెమెరాకి సరిపోతుంది. ఆ రింగు కూడా తెప్పించుకున్నాను, నువ్వు కాదనవన్న ధైర్యంతో.

ఇస్తావా?

నీ మేనకోడలు
యమున

*

చీపురుపల్లి
18 నవంబరు 2024

చిరంజీవి యమునకి,

అత్త దీవెనలు. మీ మావయ్య పక్కనే కూర్చుని తన వాటా కూడా కలపమంటున్నారు. నీ ఉత్తరంలో తప్పులు నాలుగు. దిద్దలేదు, లెక్కపెట్టానంతే.

లెన్సు అడగడానికి ఇంత మొహమాటం దేనికే? ఎవరో ఒకరు అడగకపోతారా అని అది పద్దెనిమిదేళ్ళుగా చూస్తోంది. స్టూడియో మూసిన రోజున నాన్న దాన్ని నా చేతిలో పెట్టి, "మీ అన్నకిస్తే ఏ మేకుల డబ్బాలోనో ఎట్టేస్తాడు. నువ్వైతే జాగర్తగా సూస్తావు" అన్నారు. నా సామాన్ల పుస్తకంలో ముప్పై ఒకటో పేజీలో ఉంది: బీరువా, పై అర, ఎడమ మూల, స్టీలు డబ్బా. ముందు ముఖమల్ గుడ్డ, దాని మీద తోలు సంచి, దాని మీద ప్లాస్టిక్ కవర్లు రెండు, గట్టిగా దారం కట్టు, చుట్టూ ఆరు కలరా ఉండలు. ఏటా ఉండలు మారుస్తాను గానీ కట్టు ఒక్కసారి కూడా విప్పలేదు. "ఆ లెన్సుకి కప్పినన్ని దుప్పట్లు నాకెప్పుడైనా కప్పినావేటి" అంటారు మీ మావయ్య.

నువ్వు అడిగాక నిన్నంతా అదే ధ్యాస. నాన్నకి ఉన్నది ఆ ఒక్క లెన్సే. పక్క ఊళ్ళ ఫోటోగ్రాఫర్లు రకరకాల లెన్సులు సంచిలో వేసుకు తిరిగేవారు. నాన్న మాత్రం "దగ్గర కావాలంటే కాళ్ళున్నాయి" అనేవారు. ఆయన దగ్గర ఒక నూలు తాడు ఉండేది, దానికి నాలుగు ముడులు. మొదటి ముడి మొహానికి, రెండోది నడుం దాకా, మూడోది నిలువెత్తు మనిషికి, నాలుగోది కుటుంబానికి. పన్నెండో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా ఆ తాడు కొస పట్టుకోవడం నా పని. కూర్చున్నవాళ్ళ చెవి తమ్మె పక్కన కొస పట్టుకుంటే, నాన్న అవతలి పక్క కావలసిన ముడి దగ్గరికి కెమెరా జరిపేవారు. "తాడు పిల్లా, తప్పుకో" అనగానే నేను వంగి పక్కకి పోవాలి. వెనకాల క్లిక్కు. బుధవారం సంతకి పాసింజరు దిగి వచ్చేవాళ్ళు, చర్చిలో పెళ్ళి చేసుకుని పూలగుత్తితో సహా తిన్నగా స్టూడియోకి వచ్చే జంటలు, ఫోటో అనగానే ఊపిరి బిగబట్టేసే ముసలమ్మలు, అందరి చెవులూ నాకు తెలుసు. మొహాలే సరిగ్గా గుర్తులేవు.

నాన్నతో నాకు ఒక్కటే పేచీ. పొద్దున్నే కొట్టు తెరిచి, కెమెరా నుంచి లెన్సు విప్పి, తూర్పు కిటికీలో ఎండలో పెట్టి, టీ తాగుతూ కూర్చునేవారు. అంత అపురూపమైన వస్తువు కిటికీలోనా! "కాకి ఎత్తుకుపోతాది నాన్నా" అని నేను గొడవ. "ఎత్తుకుపోయి ఏటి సేస్తాది, ఫోటోలు తీస్తాదేటి" అని ఆయన నవ్వు.

ఎల్లుండి శుభ్రంగా తుడిచి, ఈ వారంలోనే పంపిస్తాను. తాడు కూడా ఉంది. నూట రెండో పేజీ.

పార్వతమ్మగారికి నా నమస్కారాలు. సముద్రం గాలికి తల ఆరబెట్టుకోకుండా తిరక్కు.

అత్త
శైలజ

*

చీపురుపల్లి
20 నవంబరు 2024

యమునా,

ఇవాళ కట్టు విప్పాను.

పైన గాజు మీద మరక అనుకుని మెత్తటి గుడ్డతో తుడిచాను. పోలేదు. అటు తిప్పి తుడిచాను. పోలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి వెలుగుకి ఎత్తి చూస్తే, మరక పైన లేదు, లోపల ఉంది. గాజుకీ గాజుకీ మధ్యన తెల్లటి పోగులు, చెట్టు వేళ్ళలాగ నాలుగు పక్కలా పాకి ఉన్నాయి. బూజు. నా ఇంట్లో, నా బీరువాలో, నేను కట్టిన కట్టు లోపల.

పట్టుచీరలకి ఏ విధంగా కట్టానో దీనికీ అదే విధంగా కట్టాను. చీరల మీద చుక్క మచ్చ లేదు.

"నువ్వైతే జాగర్తగా సూస్తావు" అన్నారు. చూశాను కదా. నీకు ఏమని రాయను? నీ జనవరి 31 ఏమవుతుంది? తాతయ్య ఎనభై పోయింది, పోగొట్టింది మీ అత్తే అని రాయనా?

(ఈ ఉత్తరం పంపలేదు. ముప్పై ఒకటో పేజీలో పెట్టాను.)

*

చీపురుపల్లి
24 నవంబరు 2024

చిరంజీవి యమునకి,

దీవెనలు. లెన్సు పంపడం కొంచెం ఆలస్యమయ్యేలా ఉంది. గాజు వస్తువు, పార్శిల్‌లో పంపితే విసిరేస్తారని భయం. నేనే తెద్దామంటే మీ మావయ్యకి జ్వరం. ఎవరైనా తెలిసినవాళ్ళు అటువైపు వస్తే చూస్తాను. ఈలోపల విశాఖపట్నంలో వేరే లెన్సు ఎవరైనా అద్దెకిస్తారేమో కనుక్కో. ఈసారి బీరకాయలు బాగా కాశాయి. పొట్టు కూడా పచ్చడి చేశాను.

శైలజ

*

కళింగపట్నం
2 డిసెంబరు 2024

అత్తకి,

మావయ్యకి జ్వరం తగ్గిందా? ఎందుకడుగుతున్నానంటే, మొన్న ఆదివారం శ్రీకాకుళంలో ఒక మిక్సీల కొట్టు ముందు నిలబడి మిరపకాయ బజ్జీలు తింటూ కనిపించాడు. నేను బస్సులో ఉన్నాను. పిలిస్తే వినపడలేదు. మొహం మాత్రం జ్వరం మొహం కాదు.

ఇష్టం లేకపోతే లేదని రాయొచ్చు కదా. బీరకాయల సంగతి దేనికి?

కారణం నాకు తెలుసులే. తాతయ్య పోయాక నాన్న నిన్ను ఒక్క మాటైనా అడక్కుండా స్టూడియో అమ్మేశాడు. అప్పటినుంచి నువ్వు స్టేషను రోడ్డు మీద నడవవని, కూరగాయలకి కూడా చుట్టు తిరిగి వెళ్తావని అమ్మ చెప్పింది. కోపం ఉండాల్సిందే. కానీ అమ్మింది నాన్న, అడిగింది నేను. నాన్న మీద కోపంతో నన్ను మేకుల డబ్బాల మధ్యకి పంపిస్తావా?

విశాఖలో అద్దెకిచ్చేవాళ్ళు లేరు. ఇంకా ఒక్క ఫోటో కూడా తీయలేదు. బేబీ అని ఇక్కడ చేపలు ఎండబెట్టే ఆవిడ ఉంది. ఒడ్డున రోజూ నన్ను చూసి, "ఏటి పాపా, నీ కెమెరాకి ఇంకా కన్ను రానేదా?" అని అందరూ వినేలా అడుగుతుంది. ఏం చెప్పను? మా అత్త బీరువాలో ఉందని చెప్పనా?

తాతయ్య దాన్ని నీకిచ్చింది దాచిపెట్టుకోమనా అత్తా?

యమున

*

చీపురుపల్లి
12 డిసెంబరు 2024

చిరంజీవి యమునకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి చదవలేక మీ మావయ్యకి ఇచ్చాను. ఆయన చదివి, "బజ్జీల దగ్గర దొరికిపోయానన్నమాట. ఇంక నిజం సెప్పేసే" అన్నారు.

నవంబరు 20న రాసి పంపని ఉత్తరం ఇందులో పెడుతున్నాను. ముందు అది చదివి, తర్వాత ఇది చదువు.

చదివావా? మీ నాన్న మీద కోపం ఉన్నమాట నిజమే, కానీ అది వేరే అర. దీంట్లో కలపలేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది, అంతే.

మీ మావయ్య నిలబడిన మిక్సీల కొట్టు కూర్మయ్యది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లందరి కెమెరాలూ ఆయన చేతి మీదుగా పోయేవి. ఇప్పుడు మిక్సీలు, కుట్టుమిషన్లు. మీ మావయ్య లెన్సు తీసుకెళ్తే చేత్తో ముట్టుకోకుండానే, "దీన్ని ఇలాగ సేసినోళ్ళని తీసుకురండి" అన్నారట. మర్నాడు నేనే వెళ్ళాను.

"నువ్వా! నరసింగరావుగారి తాడు పిల్లవి కదూ" అన్నారు. తర్వాత లెన్సుని లైటు ముందు పెట్టి ఇటూ అటూ తిప్పి చూశారు. చివరికి, "ఎక్కడెట్టినావమ్మా దీన్ని?" అన్నారు. ముఖమల్ గుడ్డ, తోలు సంచి, కవర్లు, ఉండలు అంతా వరసగా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"సీకట్లో, తేమలో, తోలులో, గాలాడకుండా! బూజుని పెంచాలంటే ఇంతకన్నా బాగా పెంచలేరమ్మా. మీ నాయన దీన్ని రోజూ ఎండలో ఎట్టీవోడు కదా, సూడలేదా?"

"చూశాను. నిర్లక్ష్యం అనుకున్నాను."

"ఎండ తగిల్తే బూజు పట్టదు. ఆ సంగతి ఆయనకి సెప్పింది నేనే."

యమునా, ఆ కొట్లో స్టూలు మీద కూర్చుని, నేను ఎనిమిదేళ్ళపాటు పొద్దున్నే కిటికీ దగ్గర ఆయనతో వేసుకున్న గొడవంతా గుర్తు తెచ్చుకున్నాను. ఆయన ఒక్కసారైనా కారణం చెప్పలేదు. నవ్వి ఊరుకున్నారు. చెప్పి ఉంటే ఈ ముప్పై ఒకటో పేజీ వేరేగా ఉండేది. మరి నేను కూడా అడగలేదు, కాకి గురించే మాట్లాడాను.

కూర్మయ్యగారు పది రోజులు ఉంచుకుని, విప్పి, గాజులన్నీ తుడిచి మళ్ళీ కూర్చారు. దాదాపు అంతా పోయింది. లోపలి గాజు మీద ఒక్క చోట మాత్రం పోగు గాజుని తినేసిందట. సాలీడు కాలంత గీత. అది పోదు. "ఎలుగుకి ఎదురుగా ఎట్టొద్దు. ఎలుగు ఎనకాల ఉంచుకుని తీస్తే ఆ గీత ఉన్నట్టే తెలీదు" అని నీకు మరీ మరీ చెప్పమన్నారు. చెప్పాను.

ఇంకో సంగతి. మా ఇంట్లో గోడకి ఉన్న నాన్న ఫోటో ఎవరు తీశారని చిన్నప్పుడు అడిగావు. "స్టూడియోలో తీసిందే" అని తప్పించుకున్నాను. నేనే తీశాను. పెళ్ళికి వారం ముందు నాన్న కుర్చీలో కూర్చుని, తాడు కొస తన చెవి దగ్గర తనే పట్టుకుని, "ఈపాలి నువ్వు ముడి దగ్గరికి రా" అన్నారు. రెండో ముడి. "తల కొంచెం దించండి నాన్నా" అన్నాను, రోజూ ఆయన అందరితో అన్నట్టే. నేను నొక్కిన ఫోటో అదొక్కటే. ఈ లెన్సులోంచే.

ఈ శనివారం మీ మావయ్యే స్వయంగా తెచ్చి నీ చేతిలో పెడతారు. తాడు కూడా. దుమ్ము పట్టి ఉంటే ఉతికి, కొంచెం గంజి పెట్టి ఆరేశాను. నిలువెత్తుకి మూడో ముడి. కెమెరా అక్కడ పెడితే తల పైన జానెడు, కాళ్ళ కింద బెత్తెడు ఖాళీ వస్తుంది. నలభై ఏళ్ళ కొలత, తప్పదు.

క్షమించమని రాయడం నాకు చేతకాదు. అర్థం చేసుకో.

అత్త

*

కళింగపట్నం
3 జనవరి 2025

అత్తా,

నేను రాసిన ఉత్తరం వెనక్కి తీసుకోవడానికి పోస్టాఫీసులో పద్ధతి ఏదైనా ఉందా? ముఖ్యంగా ఆఖరి వాక్యం. నువ్వు నీ సామాన్ల పుస్తకంలో పెట్టేసి ఉంటావు. దాని మీద ఒక కాగితం అంటించు.

లెన్సు కెమెరాకి పట్టింది. మొదటి రోజు ఏమీ తీయలేదు, ఊరికే దాన్లోంచి చూస్తూ కూర్చున్నాను. దీనికి ఫోకస్ చేత్తోనే తిప్పాలి. రింగు తిప్పుతుంటే బరువుగా, మెత్తగా కదులుతుంది. ఒక చోట వేలు దానంతటదే ఆగిపోయింది. చూస్తే రింగు మీద గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. తాతయ్య బొటనవేలు పెట్టే చోటు అనుకుంటా.

ఇంక తాడు కథ విను. ఐదుగురినీ ఒకే దూరంలో నిలబెడితేనే నిలువెత్తు ఫోటోల్లో అందరి ఎత్తులూ సరిగ్గా వస్తాయి. అందుకని తాడు నాకు నిజంగానే పనికొచ్చింది. మొదట పడవలు బాగుచేసే నూకయ్య దగ్గరికి వెళ్ళాను. నేను చెవి దగ్గర తాడు పెట్టగానే వెనక్కి గెంతాడు. "ఏటమ్మా, కొలతలేస్తన్నావు? ఇప్పుడే పాడె కట్టించేస్తావేటి!" పక్కనుంచి బేబీ, "అంత తాడెందుకు పాపా, ఆడికి సగం సాలు" అంది. ఆయన ఎత్తు అంతంతే. ఆ నవ్వులోనే మొదటి ఫోటో పడింది.

కానీ అత్తా, మూడో ముడి దగ్గర పెడితే కాళ్ళు తెగిపోతున్నాయి! తల పైన జానెడు లేదు, బెత్తెడూ లేదు. ఉతికి గంజి పెట్టావు కదా, తాడు కుంచించుకుపోయినట్టుంది. ఆ గంజి కంపుకి పార్వతమ్మగారి మేక రెండుసార్లు దాన్ని నమలబోయింది. నేనే వెనక్కి జరిగి అందాజుగా కానిచ్చేశాను.

ఇరవై ఎనిమిది రోజులున్నాయి.

యమున

*

చీపురుపల్లి
10 జనవరి 2025

చిరంజీవి యమునకి,

దీవెనలు. తాడు కుంచించుకుపోయిందని నువ్వు రాసిన ముక్క చదివాక ఆ పూట అన్నం సయించలేదు. లెన్సు చూస్తే కట్టిపెట్టి పాడుచేశాను, తాడు చూస్తే ఉతికి పాడుచేశానా అని. నాన్నవి నా దగ్గర మిగిలినవే రెండు వస్తువులు.

ఊహించుకుంటూ కూర్చోవడం నాకు పడదు, కొలవాలి. తాడేమో నీ దగ్గర ఉంది. కానీ దాన్ని ఉతకడానికి ముందు ఎందుకైనా మంచిదని, ముడి ముడికీ దూరం ఒక టేపు మీద గుర్తుపెట్టుకున్నాను. ఉతికి ఆరాక మళ్ళీ కొలవలేదు, అది నా తప్పే. మీ మావయ్యని నిన్న మళ్ళీ కళింగపట్నం తరిమి నీ తాడు కొలిపించాను. నువ్వు ఊళ్ళో లేవట, పార్వతమ్మగారు కొలవనిచ్చారు. నా టేపుకీ తాడుకీ వెంట్రుకవాసి తేడా లేదు.

అయితే నేను గుర్తుపెట్టుకునే సరికే తాడు తప్పేమో? అది తేల్చడానికి ఒక్కటే చోటు ఉంది. స్టూడియో నేల. నాన్న అక్కడ ఎర్ర సిమెంటులో ఇత్తడి మేకులు దిగ్గొట్టారు, కుర్చీకి ఒకటి, ముడికొకటి. ఇవాళ పొద్దున టేపు సంచిలో వేసుకుని స్టేషను రోడ్డు మీద నడిచాను. పద్దెనిమిదేళ్ళయింది.

ఇప్పుడది సెల్‌ఫోన్ల కొట్టు. నరేష్ అనే అబ్బాయిది. గోడలకి అద్దాలు, లైట్లు. నేల మాత్రం అదే. నేను వంగి వెతుకుతుంటే, "ఏటి పోయింది మేడమ్?" అన్నాడు. మేకుల సంగతి చెప్పాను. "బంగారం గానీ పాతిపెట్టినారేటి, సగం నాకిచ్చేయాల" అంటూనే కౌంటరు జరపడానికి వచ్చాడు. ఫోను గాజు మార్పించుకోవడానికి వచ్చిన ఒకాయన టేపు కొస పట్టుకున్నారు. "సెవి దగ్గరా, ముక్కు దగ్గరా?" అని అడిగారు యమునా! వాళ్ళమ్మ పెళ్ళి ఫోటో అక్కడే తీయించారట, ఆవిడ చెప్పేదట, ఒక పిల్ల వచ్చి చెవి దగ్గర తాడు పెట్టేదని. ఆ పిల్లని నేనే అని చెప్పేలోపల ఆయన ఫోను రెడీ అయిపోయింది.

కౌంటరు కింద మూడో మేకు దొరికింది. నల్లబడిపోయింది. కుర్చీ మేకు నుంచి తొమ్మిదిన్నర అడుగులు. టేపు తప్పు కాదు, తాడు తప్పు కాదు, గంజి తప్పు కాదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. లెన్సు అదే, దూరం అదే. మారింది నీ కెమెరా. నేను తీసిన నాన్న ఫోటో నెగటివు తీసి స్కేలుతో కొలిచాను. పొడుగు యాభై ఆరు మిల్లీమీటర్లు, వెడల్పు నలభై ఒకటిన్నర. నీ కెమెరాలో రీలు బదులు ఉండే పలక ఎంత? చిన్నదేనా? కిటికీ చిన్నదైతే, అందులో మనిషి నిలువునా కనపడాలంటే ఆ మనిషి ఇంకాస్త దూరం జరగాలి. కిటికీ ఎంత చిన్నదో దూరం అంత పెరుగుతుంది. పలక కొలత రాయి, ముడి ఎక్కడ వెయ్యాలో నేను చెప్తాను.

నువ్వు అందాజుగా తీసినవి పక్కన పెట్టు.

అత్త

*

కళింగపట్నం
18 జనవరి 2025

అత్తా,

చెంపలు వేసుకుంటున్నాను, రెండూ.

తాడు కుంచించుకుపోయిందని నేను సరదాకి రాశాను. నువ్వు మావయ్యని పంపించి, కొట్టు కౌంటరు జరిపించి, నెగటివు కొలిచేదాకా వెళ్తావని అనుకోలేదు. అసలు కారణం నాకు మొదటి రోజే తెలుసు. నా పలక నలభై నాలుగు బై ముప్పై మూడు. తాతయ్య రీలు కన్నా చిన్నది. నీకెందుకులే ఈ గొడవంతా, అర్థం కాదేమో అనుకుని రాయలేదు. నువ్వు స్కేలు పట్టుకుని ఒక్క పూటలో తేల్చావు. ఇంక నీ దగ్గర ఏదీ "అర్థం కాదేమో" అని దాచను.

యాభై ఆరుని నలభై నాలుగుతో భాగించి, తొమ్మిదిన్నరతో గుణిస్తే పన్నెండు అడుగులు. నీకూ అంతే వచ్చిందా? కొత్త ముడి మాత్రం నేను వెయ్యలేదు. తాతయ్య తాడు మీద ముడి వెయ్యడానికి చెయ్యి రాలేదు. పన్నెండడుగుల దగ్గర దారం పోగు ఒకటి గుర్తుకి చుట్టి, నూకయ్యని మళ్ళీ నిలబెట్టి తీశాను. వలలు అల్లే ఎర్రన్నని, ఐసు గంపలు మోసే లక్ష్ముడిని, పార్వతమ్మగారిని కూడా తీశాను. నాలుగూ బాగా వచ్చాయి. తల పైన జానెడు, కాళ్ళ కింద బెత్తెడు.

ఐదోది బేబీది. అది పాడైంది. పొద్దున్నే ఆవిడ చేపలు పరుస్తుంటే వెనకాల సముద్రం మీద సూర్యుడు లేస్తున్నాడు. అంత అందం చూసి కూర్మయ్యగారి మాట మరిచిపోయాను. వెలుగుకి ఎదురుగా పెట్టాను. ఫోటో నిండా పాలు ఒలికినట్టు తెల్లటి పొర, బేబీ మొహం అందులో మునిగిపోయింది. తప్పు లెన్సుది కాదు, నాది. నువ్వు ముందే చెప్పావు.

మళ్ళీ తీద్దామంటే బేబీ ఒక్క చోట నిలబడదు. తాడు కొస పట్టుకోమని ఎవరికిచ్చినా, "ఇంక సాలా? ఇంక సాలా?" అని కదిపేస్తున్నారు. గాలికి తాడు విల్లులా వంగిపోతోంది. పదమూడు రోజులే ఉన్నాయి. ఈ ఊళ్ళో చెవి దగ్గర తాడు కదలకుండా పట్టుకునేవాళ్ళు లేరు.

వస్తావా?

యమున

*

చీపురుపల్లి
24 ఫిబ్రవరి 2025

చిరంజీవి యమునకి,

ఐదు ఫోటోలూ తీసుకున్నారని, పని నీకే ఇచ్చారని నువ్వు నిన్న ఫోన్లో అరిచావు. ముఖ్యమైన సంగతి కాయితం మీద పెట్టాలన్న రూలు నీకు లేదన్నమాట. నేను వింటున్నప్పుడు పోపు మాడిపోయింది. పోనీలే.

మీ నాన్నకి ఫోన్ చేశాను. పద్దెనిమిదేళ్ళలో పండక్కీ చావుకీ కాకుండా చేసిన మొదటి ఫోన్. "యమునకి పని వచ్చిందిరా అన్నయ్యా" అన్నాను. "ఊఁ" అన్నాడు. "స్టూడియోకి వెళ్ళావట కదా" అని అడిగాడు. మేకులు ఇంకా ఉన్నాయని చెప్పాను. "ఉన్నాయా!" అన్నాడు. అవి దిగ్గొట్టినప్పుడు సుత్తి అందించింది తనేనట. నాకు తెలీదు. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు గానీ ఫోన్ ఎవరూ ముందు పెట్టలేదు.

నువ్వు పిలిస్తే నేను వచ్చిన ఆ రోజు కళింగపట్నంలో నిన్ను చూస్తూ ఉండిపోయాను. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. నేను బేబీ చెవి పక్కన తాడు పట్టుకుని నిలబడితే ఆవిడ, "ఓలమ్మా, ఈవిడ చెయ్యి ఒణకదేటి! రాయిలాగుంది" అంది. చేపల వాసన, గాలి, కాళ్ళ కింద ఇసక జారిపోవడం. నువ్వు అటు చివర కళ్ళు చికిలించి, బొటనవేలితో రింగు తిప్పి, "అత్తా, తప్పుకో" అన్నావు. నేను వంగి పక్కకి పోయాను. యాభై ఏళ్ళు దాటిన మోకాళ్ళు కదా, ఆలస్యమైంది. నువ్వు ఆగావు. నాన్న కూడా ఆగేవారు, తొందరపెట్టేవారు కాదు.

తర్వాత నువ్వు కెమెరా నా చేతికిచ్చి, తాడు కొస నీ చెవి దగ్గర పెట్టుకున్నావు. నేను తీసిన ఆ ఫోటో వచ్చింది. తల కొంచెం దించమని చెప్పడం మరిచిపోయాను, అయినా బాగానే ఉంది. నాన్న ఫోటో పక్కనే పెట్టించాను. ఇద్దరి చేతుల్లోనూ తాడు కొస ఉంది.

తాడు మీద పన్నెండడుగుల దగ్గర నేను ఎర్రదారంతో వేసిన ముడి నీది. పాత నాలుగూ విప్పకు. ఒకప్పుడు ఎంత దగ్గరగా నిలబడితే సరిపోయేదో తెలియాలి కదా.

ఇంక లెన్సు సంగతి. వేసవి అయ్యాక భద్రంగా తెచ్చి నీకే అప్పజెప్తానని బస్సు దగ్గర అన్నావు. అప్పుడేమీ అనలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ముప్పై ఒకటో పేజీలో ఆ వరస కొట్టేశాను. స్టీలు డబ్బాలో మినపప్పు పోశాను. రోజూ పొద్దున్నే నీ కిటికీ తెరిచి దాన్ని అరగంట ఎండలో పెట్టు. పక్కన కూర్చుని టీ తాగు. కాకి వస్తే తోలు.

నాకు మాత్రం తిరిగివ్వకు. నా దగ్గరకొస్తే మళ్ళీ దాచేస్తాను.

అత్త
శైలజ